ఉద్దానంలో బరువులెత్తే పద్ధతి

పలాసలో జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. అనుభవమున్న కళాసీ దాన్ని ఒంటికి ఆనించుకుని, మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో పైకి లేస్తాడు. నడుము మీద భారం పడితే మర్నాడు పనికి రాలేనని అతనికి తెలుసు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ నేర్పేటప్పుడు చెప్పే మొదటి సూత్రమూ ఇదే.

సిక్కోలు (శ్రీకాకుళం) నేలకు బలసాధన కొత్త కాదు. పండగలకు సంగిడి రాళ్లెత్తే పోటీలు పెట్టుకునే పల్లెలివి. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపిన కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది వీరఘట్టంలో. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె.

ఆ 130 కిలోలు పైకి లేవడంలో చేతుల వాటా తక్కువ. పాదాలు నేలను బలంగా నొక్కుతాయి, బార్ కాళ్ల వెంబడే పైకి వస్తుంది, తుంటి ఒక్కసారిగా నిటారవుతుంది. బార్ పైకి లేచిన ఆ క్షణంలో లిఫ్టర్ దాని కిందికి కూర్చుని భుజాల మీద అందుకోవాలి. ఈ వరస ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది.

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఖాళీ బార్‌తోనే మొదలుపెట్టాలి. మగవాళ్ల ప్రామాణిక బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. ముందు ఒళ్లు వేడెక్కాలి. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వెన్ను వంగకుండా ఎత్తగలిగాకే కొద్దిగా బరువు పెంచాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు తల దగ్గర ఒక మనిషి నిలబడాల్సిందే. కండ పెరిగేది విశ్రాంతిలో కాబట్టి వారానికి రెండు మూడు రోజులు చాలు.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఈ జాగ్రత్తలకు ఇంకోటి తోడవ్వాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది ఇందుకే. ముదిరేదాకా ఈ జబ్బు లక్షణాలు సాధారణంగా బయటపడవు. పైకి దిట్టంగా కనిపించే కుర్రాడి కిడ్నీలు అప్పటికే బలహీనపడి ఉండవచ్చు.

అలాంటివాడు ఉక్కపోతలో నీళ్లు తాగకుండా కసరత్తు చేసి, ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీలకు రక్త ప్రసరణ తగ్గుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు ప్రోటీన్ పొడి అదనపు భారం. క్రియాటిన్ పొడి వాడితే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనిపించవచ్చు కాబట్టి డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. తీవ్రమైన కసరత్తు తర్వాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని ఉండవచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పలాస, టెక్కలి జిమ్ యజమానులకు ఒక విన్నపం. చేర్చుకునేముందు బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్షల చీటీ అడగండి. మంచినీళ్లు అందుబాటులో ఉంచండి. డాక్టరు చెప్పనిదే ఎవరికీ పొడులు, మాత్రలు ఇవ్వకండి.