జీన్ చేసిన తప్పేమిటి?

పెద్దవయసులో దేశంకాని దేశానికి సరదాకొద్దీ వెళ్లేవాళ్లే కాదు, చేతిలో డబ్బు చాలక వెళ్లేవాళ్లూ ఉంటారు. ‘ది బెస్ట్ ఎగ్జాటిక్ మారిగోల్డ్ హోటల్’ (2011) సినిమాలో ఇంగ్లండు నుంచి జైపూరు వచ్చిపడ్డ ఏడుగురిలో కొందరు అలాంటివాళ్లే. డెబొరా మొగాక్ నవలలో ఊరు బెంగుళూరు. సినిమావాళ్లు జైపూరు చేశారు, రంగులు బాగా పడతాయనేమో!

జూడీ డెంచ్ వేసిన ఎవలిన్ నాకెంతో నచ్చింది. లెక్కలన్నీ భర్తే చూసుకునేవాడు. ఆయన పోయాక చూస్తే అన్నీ అప్పులే. ఆవిడే జైపూరులో కాల్ సెంటరు పిల్లలకి పెద్దవాళ్లతో ఫోనులో ఎలా మాట్లాడాలో నేర్పే ఉద్యోగం సంపాదిస్తుంది.

నా పేచీ అంతా జీన్ విషయంలోనే. దాచుకున్నదంతా కూతురి వ్యాపారంలో పెట్టి కూర్చున్నారు ఆవిడా, భర్త డగ్లసూ. ఆయన ఊరంతా తిరిగి మురిసిపోతాడు. ఈవిడ హోటలు దాటదు, సణుగుతుంది. ఇంకేం, గయ్యాళి అని తేల్చేశారు! ఆఖర్న ఆవిణ్ణి ఒంటరిగా ఇంగ్లండు పంపేసి, డగ్లస్‌ని ఎవలిన్ పక్కన చేర్చారు. మీరే చెప్పండి, ఆ వయసులో అలవాటైన ఊరూ, ఉన్న నాలుగు డబ్బులూ పోతే ఏ ఆడదైనా సణగదా? నవ్వుతూ తిరిగేవాళ్లకేనా తోడు?

పెనెలొపీ విల్టన్ ఆ సణుగుడు కింద భయాన్ని చూపించింది గనక సరిపోయింది. లేకపోతే జీన్‌ని మనమూ తిట్టుకుంటూనే లేచి వచ్చేవాళ్లం.