జానెడులో ఇమిడిన గూడ్సు పెట్టె

కొలరాడో కొండల్లో సరుకు మోయడానికి అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్వే 1904లో 750 చెక్క గూడ్సు పెట్టెలు చేయించింది. పట్టాల మధ్య ఎడం మూడడుగులే. పెట్టె పొడవు 30 అడుగులు. నంబర్లను బట్టి 3000 సిరీస్ అని పిలిచే ఈ పెట్టెలంటే నారో గేజ్ నమూనాలు చేసేవారికి మహా మక్కువ. 48వ వంతుకు కుదిస్తే ఏడున్నర అంగుళాలు, జానెడుకు కాస్త తక్కువ.

గోడలు, కప్పు, చక్రాలు అతికించేస్తే పెట్టె ఆకారం వచ్చేస్తుంది. ఓపికకు పరీక్ష అక్కడినుంచే.

పక్కగోడ మీద నిచ్చెనమెట్లలా కనిపించే చేతిపిడి కడ్డీలనే తీసుకోండి. చౌక కిట్లలో అవి గోడతో కలిపి పోతపోసిన గీతలు. చేయి తిరిగినవారు ఆ గీతల్ని బ్లేడుతో చెక్కేసి, ఇత్తడి తీగ వంచి కొత్తవి పెడతారు. గోడకు ఎంత ఎడంగా? జవాబు అమెరికా రైలు భద్రతా నిబంధనల్లో ఉంది. 1911 నాటి ఆ నిబంధనల ప్రకారం కడ్డీ మందం కనీసం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, గోడకూ కడ్డీకీ మధ్య సందు కనీసం రెండంగుళాలు. కదిలే బండి ఎక్కే బ్రేక్‌మన్ వేళ్లు అందులో పట్టాలి మరి! నమూనాలో ఆ మందం మిల్లీమీటరులో మూడో వంతు, ఆ సందు ఒక మిల్లీమీటరు. అందుకే 80వ నంబరు డ్రిల్ బిట్‌తో రంధ్రాలు వేసి, తీగ వెనక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పట్టీ దూర్చి, చుక్క జిగురు పెడతారు. ఆరాక పట్టీ లాగేస్తే కడ్డీలన్నీ ఒకే ఎడంలో నిలుస్తాయి.

అడుగుభాగం మరీ రసవత్తరం. చెక్క చట్రం బరువుకు నడుము దిగకుండా కింద ఈ కొస నుంచి ఆ కొసకు ఇనుప కడ్డీలు లాగి, టర్న్‌బకిళ్లతో బిగించేవారు. నమూనాలో కడ్డీకి బదులు గాలపు దారం, టర్న్‌బకిల్ వడ్లగింజంత. దాని పక్కనే గాలి బ్రేకు సరంజామా. బండి పొడవునా సాగే గాలి గొట్టంలో ఒత్తిడి పడిపోగానే ట్రిపుల్ వాల్వ్ కదిలి ట్యాంకులోని గాలిని సిలిండర్‌కు పంపుతుంది. పిస్టన్ మీటను నెడుతుంది, మీట కడ్డీని లాగుతుంది, కడ్డీ బ్రేకు షూను చక్రానికి అదుముతుంది. బండి మధ్యలో తెగినా బ్రేకు దానంతటదే పడేది ఇందుకే. ఈ వరస తెలిసినవారి చేతిలో ప్రతి గొట్టమూ చేరాల్సిన చోటికే చేరుతుంది. తెలియకుండా ఎన్ని ముక్కలు అతికించినా నగలు పెట్టినట్టే.

పెట్టెను పట్టాల మీద నిలబెడితే ఇదంతా ఎవరికీ కనబడదు. అయినా చేస్తారు.

ఆఖరున పాతదనం అద్దడం. కాలిఫోర్నియాకు చెందిన నమూనా రైళ్ల నిర్మాత జాన్ అలెన్ (1913–1973) దీనికి బాగా ప్రచారం తెచ్చారు. సుద్దపొడి, పల్చని సిరా చాలు: కప్పు మీద మసి, కింద దారిదుమ్ము, బోల్టుల నుంచి జారిన తుప్పు చారలు.

మనకూ నారో గేజ్ ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే రెండున్నర అడుగుల లైనులో 2004లో బళ్లు ఆగాయి, తర్వాత అది బ్రాడ్ గేజ్ అయింది. 48వ వంతులో ఆ ఎడం దాదాపు 16 మిల్లీమీటర్లు, హెచ్.ఓ. అనే 16.5 మిల్లీమీటర్ల నమూనా రైలు పట్టాలు దానికి సరిపోతాయి. కావలసినవి కొలతలే. ఆ పెట్టెల పాత ఫొటోలు మీ ఇంట్లో ఉంటే, పక్కన నిలబడ్డ మనిషిని కత్తిరించకండి. పెట్టె ఎత్తు లెక్కగట్టడానికి ఆయనే స్కేలు.