ఎగిరింది సరే, దిగిందెలా?

నమూనా విమానాలు చేసే కుర్రవాణ్ణి ఇంట్లో పెద్దలు "బొమ్మలాటలు చాలించి చదువుకో" అని కసరడం మీకు తెలియనిది కాదు. అటువంటివారంతా చూడదగిన ఇంగ్లీషు చిత్రం 'ది ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్'. ఎలెస్టన్ ట్రెవర్ నవల ఆధారంగా రాబర్ట్ ఆల్డ్రిచ్ దీన్ని 1965లో తీశాడు.

సి-82 ప్యాకెట్ అనే రవాణా విమానం సహారా ఎడారిలో కూలుతుంది. (ఒకప్పుడు మన వైమానిక దళంలో పనిచేసిన సి-119 దీని తమ్ముడే.) పాడవని భాగాలతో చిన్న విమానం కట్టవచ్చునంటాడు డార్ఫ్‌మన్ అనే ప్రయాణికుడు. పని చాలావరకు పూర్తయ్యాక అసలు సంగతి బయటపడుతుంది: అతడు ఇంతవరకు రూపొందించినవన్నీ నమూనా విమానాలే! పైలట్‌కు నోట మాట రాదు.

నమూనాలో మనిషి ఉండడు కనుక అది తనంతట తానే నిలదొక్కుకోవాలి, అందుచేత దాని రూపకల్పన మరింత కచ్చితంగా ఉండాలని డార్ఫ్‌మన్ వాదన. ఇది నిజమే. రేడియోతో నడిపే నమూనాకూ చాలావరకు వర్తిస్తుంది. మీట మీ చేతిలోనే ఉన్నా, గాలి కుదుపు మీ ఒంటికి తెలియదు కదా!

నా అభ్యంతరమల్లా నేల విషయంలో. ఒక నమూనాను అన్ని కొలతల్లోనూ రెట్టింపు చేశారనుకోండి. రెక్క వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు అవుతాయి. దిగే వేగం సుమారు 1.4 రెట్లు కావాలి. అంటే నేలను తాకేటప్పుడు చక్రాల కాళ్ళు ఓర్చుకోవలసిన శక్తి 16 రెట్లు! రెక్క కన్నా ముందు కాళ్ళే ఓడిపోతాయి.

ఇది నాకు అనుభవమే. రాయ్‌పూర్ పండరీలో ఉండే రోజుల్లో అక్కడి బట్టల బజారులో కొన్న పట్టుగుడ్డతో రెక్క కప్పాను, సైకిలు పుల్లలతో కాళ్ళు చేశాను. మొదటిసారి దిగగానే కాళ్ళు చాపుకుని కూర్చుంది. పుల్లలు తీసి స్ప్రింగు ఉక్కు తీగ వేశాను. ఈసారి తీగ వంగలేదు గాని, పొట్టకింది బాల్సా చెక్కను ఊడబెరికింది. చివరికి ప్లైవుడ్ పలకను లోపలి చట్రాలకు అతికించి, కాళ్ళను దానికి రబ్బరు బ్యాండ్లతో బిగించాను. దెబ్బ గట్టిగా తగిలితే కాళ్ళు జారిపోతాయి, విమానం మిగులుతుంది. బలమైన కాళ్ళకన్నా ఆ బలాన్ని ఎక్కడికి మళ్ళించామన్నదే అసలు లెక్క.

చిత్రంలో ఫీనిక్స్‌కు చక్రాలు లేవు, జారుడు పట్టీలున్నాయి. ఇసుకలో చక్రం కూరుకుపోతుంది, పట్టీ బరువును పరుస్తుంది. కనుక ఆ ఎంపిక తెలివైనదే. కాని అవి చట్రానికి ఎలా అతికాయో దర్శకుడు పట్టించుకోలేదు. ఏడే ఏడు తూటాలతో ఇంజనును రాజేసే ఘట్టాన్ని మాత్రం ఊపిరి బిగబట్టి చూసేలా తీశాడు. ఎగరడానికి అంత శ్రద్ధ, దిగడానికి ఇంతేనా?

తెరవెనుక కథ వేరు. చిత్రం కోసం నిజంగా ఎగిరే ఫీనిక్స్‌ను కట్టారు. దానికి చక్రాలుండేవి. 1965 జూలై 8న అది నేలను తాకి మళ్ళీ లేచే దృశ్యం తీస్తుండగా రెండుగా విరిగింది. ఆరితేరిన పైలట్ పాల్ మాంట్జ్ మరణించాడు. మిగిలిన దృశ్యాలకు ఓ-47 అనే మరో విమానాన్ని వాడారు. జాగ్రత్తగా చూస్తే ఆ రెండింటి తేడా మీరే పట్టుకోగలరు.