తాడు పట్టే చెయ్యి

సాహస పర్యాటక రంగం వాళ్లు జరుపుకునే అడ్వెంచర్ ట్రావెల్ వరల్డ్ సమ్మిట్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ప్రసంగాలు మొదలుకాకముందే ప్రతినిధులను ఆరుబయటికి తీసుకెళ్తారు. కొందరు కొన్ని రోజుల యాత్రలు ముందే చేసి వస్తారు. మిగతావాళ్లకు ‘డే ఆఫ్ అడ్వెంచర్’ పేరుతో ఒక రోజు కేటాయిస్తారు. 2016లో ఈ సభ అలాస్కాలోని యాంకరేజ్‌లో జరిగింది. అక్కణ్ణించి హిమానీనదాలు దూరమేమీ కాదు. అట్లా, సభలో కూర్చునేసరికి అక్కడి గైడ్ల పనితనం ప్రతినిధులకు పరిచయమై ఉంటుంది.

ఆ పనితనమంతా తాడులో కనిపిస్తుంది. హిమానీనదం మీద నేల చదునుగానే ఉంటుంది కానీ, మంచు పొర కింద లోతైన పగుళ్లు దాగి ఉంటాయి. అందుకే కొందరు ఎడం ఎడంగా ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. ఒకరు పగుల్లో పడితే మిగతావాళ్లు వెంటనే మంచు మీద వాలి, గొడ్డలి దించి ఆపుతారు. తాడు వదులుగా ఉంటే పడేవాడి వేగం పెరిగి, ఆ కుదుపు అందరినీ లాగేస్తుంది. అందుకే నడిచినంతసేపూ వదులు లేకుండా చూసుకోవాలి. తాడు లోపల నైలాన్ పోగులుంటాయి, బరువు మోసేవి ముఖ్యంగా అవే. పైన అల్లిన తొడుగు రాపిడిని తట్టుకుంటుంది. కుదుపు తగిలినప్పుడు తాడు కొద్దిగా సాగి దెబ్బను తగ్గిస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తాడు పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే.

ఈ తాడు విద్య తెలంగాణలోని లింగాల అడవిలో అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఉంది. అక్కడి నల్లమలలో అప్పాపూర్ వంటి పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, ఉండే చెంచులు తేనె కోసం బండ చరియల మీదికి దిగుతారు. పెద్ద తేనెటీగ పుట్టలోనో తొర్రలోనో దాక్కోదు. చరియ కింద ఒకే ఒక్క పలకగా పట్టు పెడుతుంది. పలక పైభాగంలో ఒక కొసన తేనె ఉంటుంది, అక్కడ పట్టు మందంగా ఉబ్బి ఉంటుంది. దాని కింద పిల్ల ఉంటుంది. వేల ఈగలు దాన్ని తెరలా కప్పేస్తాయి. శత్రువు దగ్గరికొస్తే వరసగా పొత్తికడుపులు పైకెత్తుతాయి. ఆ అల పట్టు ఈ కొస నుంచి ఆ కొసకు క్షణంలో పాకిపోతుంది.

దిగేవాడు వెళ్లాల్సింది అక్కడికే. ఒకప్పుడు అడవి తీగలతోనే తాడు, నిచ్చెన చేసుకునేవాళ్లు, ఇప్పుడు నైలాన్ తాళ్లూ వచ్చాయి. తాడును పైన చెట్టు మొదలుకు కడతారు. పొగ పెట్టి ఈగలను పక్కకు తొలగిస్తారు. కోసిన పట్టు పడే బుట్ట దగ్గరే ఉంటుంది. ఈ పనిలో అన్నిటికన్నా నేర్పు కావాల్సింది కోతకే. తేనె ఉన్న భాగం మాత్రమే తీసి పిల్లను వదిలేస్తే ఈగలు అక్కడే మళ్లీ కట్టుకునే వీలుంటుంది. మొత్తం కోసేస్తే ఆ సంతతి అంతా పోతుంది. మసక పొగలో, కాళ్లకింద ఆధారం లేకుండా, ఒక చేత్తో తేనెకూ పిల్లకూ మధ్య గీత పట్టుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద పనితనం.

ఇక పైన తాడు కాసేవాడి సంగతి. అక్కడ దిగేవాడి బావమరిది ఉండాలంటారు. అక్క పసుపుకుంకుమలు అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి పట్టు వదలడని లెక్క. పర్వతారోహకులు గురి చూసి కొక్కేలు దిగ్గొట్టి, ఒకటి ఊడినా రెండోది ఆపేలా ఏర్పాటు చేసుకుంటారు. చెంచులు ఆ రెండో కట్టును చుట్టరికంలో వేసుకున్నారు. తాడు ఎంత గట్టిదైనా, దాన్ని పట్టుకునే మనిషిని ఎంచుకోవడం దగ్గరే భద్రత మొదలవుతుందని రెండు చోట్లా తెలుసు.

చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలోని సలేశ్వరం జాతరకు లింగాల వైపు నుంచీ జనం నడిచి వెళ్తారు. ఆ లోయలోకి దిగే దారులన్నీ చెంచులకు తెలుసు, అక్కడ పూజారులూ వాళ్లే. తెలంగాణలో సాహస పర్యాటక సభ పెట్టేవాళ్లు ఒక రోజు లింగాలకు కేటాయించాలి. ఈ అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతితో, చిన్న బృందాలుగానే రావాలి. ప్రదర్శన కోసం పట్టు కోయించవద్దు, తాడు కట్టడం చూపిస్తే చాలు. ఆ రోజు గైడ్ చెంచే కావాలి, గైడ్ రుసుము పెంటకే చేరాలి.