కోతల రోజుల్లో అమ్మ చేతులు

ఈ వారం నందిగామలో ఒక మందుల షాపు ముందు నిలబడ్డప్పుడు విన్న మాట నన్ను చిరాకు పెట్టింది. "నొప్పుల బిళ్ళలు పది ఇయ్యి బాబూ" అని ఒకామె అడిగింది. కొట్లో కుర్రాడు నొప్పి ఎక్కడో, ఎన్నాళ్ళ నుంచో అడగలేదు. డబ్బా లాగి, పట్టీ కత్తిరించి చేతిలో పెట్టాడు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. నెత్తికి తువ్వాలు, చీర మీద మగవాళ్ళ చొక్కా. చందర్లపాడు వైపు మిరప కోతలకు పోయే మనిషని చూడగానే తెలుస్తోంది.

నొప్పి ఎలాంటిదో చెప్పకుండా మందు అడగకూడదని, అడగకుండా ఇవ్వకూడదని ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. పుండు సలుపుతుంది, కీళ్ళు పీకుతాయి, పిక్కలు లాగుతాయి, నడుము కలుక్కుమంటుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. వీటిలో ఏ మాటా ఇంకో మాటకు బదులు రాదు. నడుములో పుట్టిన నొప్పి తీగలాగా పిక్క దాకా దిగి పాదం తిమ్మిరెక్కిందంటే నరం నలుగుతోందేమోనని చూడాలి. 1975లో రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త, నొప్పిని చెప్పుకునే 78 మాటలను గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. రోగి నోటి మాటకు అంత విలువ ఉంది.

మాటల్లో నాకు మరీ ఇష్టమైనది 'మంట'. పొయ్యిలోదీ మంటే, కారం తింటే నోట్లో పుట్టేదీ మంటే. ఇది పోలిక అనుకునేవాణ్ణి. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపలోని క్యాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టింది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించేదీ అదే. అంటే కారం తగిలితే నరం నిజంగానే వేడి తగిలిందని కబురు పంపుతుంది. ఈ పరిశోధనకే ఆయన 2021లో నోబెల్ పంచుకున్నారు. అదే క్యాప్సైసిన్‌ను పదేపదే రాస్తే నరం మొద్దుబారుతుంది కాబట్టి నొప్పుల పూత మందుల్లోనూ వాడతారు.

ఆ పరిశోధన గురించి చదివిన రోజు నాకు మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. మిరప కోతల రోజుల్లో అమ్మ మాకు అన్నం కలిపి పెట్టేది కాదు. నాయనమ్మే పెట్టేది. చంటివాడు ఏడుస్తుంటే మోచేతులతో ఎత్తుకునేది తప్ప వాడి మొహం మీద చెయ్యి వేసేది కాదు. పొద్దున చేలోకి పోయేముందు చేతులకు ఆముదం పట్టించుకునేది. సాయంత్రం వచ్చాక నీళ్ళ జోలికి పోకుండా ముందు నూనె రాసి, తుడిచి, ఆ తర్వాతే కుంకుడు రసంతో కడిగేది. కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అయినా రాత్రిళ్ళు వేళ్ళు భగభగమంటుంటే మజ్జిగ ముంతలో చేతులు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ మంట తగ్గేలోపు కోడి కూసేది.

కొట్టు ముందు ఆమెను ఆపి నా పాఠం మొదలుపెట్టాను. "ఎక్కడమ్మా నొప్పి? కారణమేంటో చూపించుకోకుండా బిళ్ళలు మింగితే ఎట్టా?"

"కారణం తెలవక కాదు బాబాయా. పొద్దున్నుంచి వంగి కాయ కొయ్యటమే కారణం. నడుం గుంజుద్ది, కాళ్ళలోకి రాదు, తిమ్మిరీ లేదు. కోత మానేత్తే పొయ్యి ఎట్టా వెలిగిద్ది? రాత్రి నిద్ర పట్టాల గదా."

నేను అడగబోయిన ప్రశ్నలన్నిటికీ ఆమె జవాబు చెప్పేసింది. మా అమ్మకూ కారణం తెలుసు. మజ్జిగ ముంత ముందు కూర్చున్నప్పుడు ఆమెకు కావలసింది నిద్ర. కారణం తెలుసుకోవడమే సగం వైద్యమని ఇన్నాళ్ళూ రాశాను. తెలిసిన కారణాన్ని మార్చుకునే వీలు లేని మనిషికి నొప్పి తగ్గించడమే వైద్యం. ఆ బిళ్ళ అడగడం తప్పు కాదు.

ఏ బిళ్ళ అన్నది మాత్రం చూడాలి. పట్టీ తిప్పి చూస్తే డైక్లోఫెనాక్. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది రోజుల తరబడి మింగితే మూత్రపిండాలకు ముప్పు. పారాసెటమాల్ వాటికి అంత బరువు కాదు గానీ నడుం నొప్పి మీద దాని పని తక్కువ. ఆ మాటే చెప్పి, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమని, కాలు తిమ్మిరెక్కినా, ఒంటేలు పట్టు తప్పినా ఆ పూటే ఆసుపత్రికి పొమ్మని చెప్పాను. "చేలో నీళ్ళు బాగా తాగమ్మా" అన్నాను.

"తాగితే ఎటు పోవాల బాబాయా? చుట్టూ చేలే, చాటేడుంది?"

ఆటో వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.

కోతలింకా నెలన్నర ఉన్నాయి. మిరప వేసిన రైతులు ఈ శీర్షిక చాలామంది చదువుతారని నాకు తెలుసు. గట్టున నాలుగు కర్రలు పాతి, కల్లంలో కాయ మీద కప్పే పట్టా ఒకటి చుట్టూ కట్టించండి. పక్కన ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టించండి.