చాతకము: పక్షియా, కవిసమయమా?

చాతకము వానచినుకు దక్క నన్యజలమును ముట్టదని కవిసమయము. దీనినిబట్టి చాతకమును గండభేరుండమువలెఁ గేవలకల్పితప్రాణిగా బోధించుట యుక్తము గాదు.

పక్షిశాస్త్రజ్ఞులు చాతకముగా గుర్తించినది కోకిలజాతి పక్షి; తెలుఁగున వానకోయిల యందురు. తలపై నల్లని జుట్టును, నల్లని వీఁపును, తెల్లని రొమ్మును దాని గుఱుతులు. గొంగళిపురుగులను దినును. అన్యపక్షుల గూళ్లలో గ్రుడ్లు పెట్టును గావునఁ బరభృతమని కోకిలకుఁ గల పేరు దీనికిని జెల్లును. దక్షిణదేశమునఁ గొన్ని స్థిరముగా నుండును. మధ్యోత్తరదేశములకు మాత్రము తొలకరివేళ నాఫ్రికాఖండమునుండి వచ్చును. మేఘమును, పక్షిని నొక్కమాఱు చూచినవారు ఇది మేఘము నర్థించుటకే వచ్చినదని తలంచిరి కాఁబోలు. చూచినది సత్యము; చెప్పిన హేతువు కల్పితము.

ఈ భేదము నెఱుఁగుట మేఘసందేశపఠనమున మిక్కిలి యావశ్యకము. కావ్యారంభమున మేఘుని ప్రయాణవేళ నెడమప్రక్కఁ జాతకము మధురముగాఁ గూయును. అది శకునమే, అయినను ఆషాఢమునకుఁ దగిన శకునము. రామగిరి యనఁగా నాగపురమునొద్దనున్న రామటేకని పలువురు విద్వాంసుల మతము. ఆ సీమకు నీ పక్షి వానకాలపు టతిథి. కావ్యాంతమున నట్లు గాదు. అర్థించిన చాతకములకు మేఘుఁడు పలుకకయే నీ రొసఁగునని యక్షుఁడు చెప్పి, యతని మౌనము నిరాకరణము గాదని నమ్ముచున్నాఁడు. అచటఁ గవిసమయమే ప్రార్థనకు బలము. దానిని ఖండింపఁ బనిలేదు.

రెండు తావులకు నొక్కటే టిప్పణము వ్రాసినచో విద్యార్థి మొదటిదానిని సైతము కట్టుకథగాఁ జదువును. కాళిదాసు వినిపించిన తొలకరి కూఁత యాతనికి వినఁబడదు.