రహదారి విస్తరణ - బాటసారి నీడ: పత్తర్‌గట్టి నుంచి చేవెళ్ల వరకు

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు పాతనగరంలోని పత్తర్‌గట్టి వాణిజ్యవీథిని గురించి రాసినవారు సాధారణంగా దాని కమానుల అందాన్ని వర్ణించి, శైలికొక పేరు పెట్టి విరమిస్తారు. ఈ పరిశీలన దోషం కాదు గాని అసంపూర్ణం. ఆ వీథి విలువ శైలిలో కంటె, బాటసారికి అది కల్పించిన చోటులో ఉంది. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే రహదారి విస్తరణ వివాదాస్పదమైన సందర్భంలో ఈ అంశాన్ని పునఃపరిశీలించవలసి ఉంది.

2. పత్తర్‌గట్టి నిర్మాణతత్త్వం:
1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ఛిన్నాభిన్నం చేసింది. అనంతరం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అది చేపట్టిన వీథివిస్తరణలో భాగంగానే మదీనా కూడలికీ చార్‌కమాన్‌కూ నడుమ ఈ రాతికట్టడాల వరుస వెలసింది. కింద అంగళ్లు, పైన అంతస్తు. అంగళ్ల ముందు కమానుల నీడలో నడవ. సరుకు ఎవరిదైనా నడవ అందరిదీ. ఇప్పుడు నామఫలకాలు కమానులను కప్పివేస్తున్నాయి. సరుకులు నడవలోకి చొచ్చుకొని వస్తున్నాయి. దీనివల్ల చెడుతున్నది కంటికింపు మాత్రమే కాదు, వర్తకునికీ పాదచారికీ మధ్య ఉన్న ఒప్పందం కూడా.

3. చేవెళ్ల దారి:
అదే వరద ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలకూ కారణమైంది. వాటి రక్షణకై 1996లో వెలువడిన జి.ఓ. 111, ఈ ప్రాంతంతో సహా 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రించింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ జి.ఓ. 69 వెలువడింది. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కి.మీ. విస్తరణలో దాదాపు 900 మర్రిచెట్ల మనుగడ ప్రశ్నార్థకమైంది. పత్తర్‌గట్టిలో రాతికమాను చేసిన పనిని ఈ దారిలో మర్రి చేసింది: ఎండవేళ నడిచేవారికి నీడ, దారిపక్క అమ్ముకొనేవారికి తావు.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. శిథిలమైన కమానును మళ్లీ కట్టవచ్చు. నూరేళ్ల మర్రిని ఏ అంచనావ్యయంతోనూ కట్టలేరు.

4. ముగింపు:
పత్తర్‌గట్టి కూడ రహదారి విస్తరణ ఫలమే. కనుక విస్తరణ స్వతహాగా నింద్యం కాదు. వెడల్పు చేసిన దారిలో నడిచేవారికి ఏమి మిగిల్చారన్నదే విమర్శకు గీటురాయి. నాటి బోర్డు వాహనానికి దారి ఇస్తూ మనిషికి నీడనూ ఇచ్చింది. చేవెళ్ల దారిలో నీడ ముందే ఉంది. దానిని కొత్తగా నిర్మించనక్కరలేదు, నిలుపుకొంటే చాలు.